స్ట్రైపర్ 1990లో చారలు విడిచిపెట్టడం సబబేనా?

కోనసీమ శ్రోత:
కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి చెందిన క్రైస్తవ రాక్ బృందం స్ట్రైపర్ నలుపు, పసుపు చారల దుస్తులతో వేదికెక్కి, కొత్త నిబంధన ప్రతులను జనంలోకి విసిరేది. 1986 నాటి వారి ఆల్బమ్ ‘టు హెల్ విత్ ద డెవిల్’ అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడై ప్లాటినం అయింది. అదే బృందం 1990లో ‘అగైన్‌స్ట్ ద లా’ ఆల్బమ్‌కు వచ్చేసరికి చారలు తీసేసింది, పేరుతోపాటు ఉండే బైబిలు వచనం యెషయా 53:5ను తీసేసింది, దేవుని మాట అరుదుగా వినిపించే పాటలు రాసుకుంది. నా దృష్టిలో ఇది సాక్ష్యాన్ని, అంటే విశ్వాసాన్ని నలుగురిలో చాటడాన్ని, వదులుకోవడమే.

గిటారు పిచ్చి:
శ్రోత గారూ, 1988 నాటి ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’ ఆల్బమ్ విన్నారా? అందులో దేవుని పేరుకు కొదవ లేదు గానీ, కీబోర్డులు, తీపి బాణీలు ముంచెత్తడంతో గిటార్లు మూలకు చేరాయి. 1990లో ఆ గిటార్లు తిరిగి ముందుకొచ్చాయి. పైగా చారలున్న రోజుల్లోనూ జిమ్మీ స్వాగర్ట్ వంటి బోధకులు ఈ సంగీతాన్నే తప్పుపట్టారు కదా. చారలు కాపాడిన సాక్ష్యం ఏపాటిది?

పాత కీర్తనల అభిమాని:
ఇక్కడ తెలుగువారికి అందని చమత్కారం ఒకటుంది. మన బైబిలులో ఆ యెషయా వచనం ‘అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది’ అని ఉంటుంది. పాత ఇంగ్లీషు అనువాదంలో ఆ ‘దెబ్బలు’ అన్నచోట ‘స్ట్రైప్స్’ అని ఉంది; ఆ మాటకు కొరడా వాత అనీ, చార అనీ రెండర్థాలున్నాయి. అంటే ఒంటిమీది చారే వారికి వచనం. గిటారు మోత పెంచుకోవడంపై నాకు పేచీ లేదు, కానీ పేరు అలాగే ఉంచుకుని చారలు తీసేస్తే ఆ పేరుకు అర్థమేముంటుంది?

గిటారు పిచ్చి:
వివరణ బాగుంది, కానీ వరుస తారుమారైంది. రాక్స్ రెజీమ్ అన్న పాత పేరుతో వాయించే రోజుల్లోనే డ్రమ్మర్ రాబర్ట్ స్వీట్‌కు ఆ చారలంటే మోజు. వచనం తర్వాత వచ్చి చేరింది.

కోనసీమ శ్రోత:
తర్వాత చేరినా, చేరాక విడదీయలేనంతగా కలిసిపోయింది. 1992లో గాయకుడు మైకేల్ స్వీట్ బృందాన్ని వీడాడు. 2003లో మళ్లీ కలిసి పర్యటనకు బయలుదేరినప్పుడు వేదికమీదికి ఆ నలుపు, పసుపులే తిరిగొచ్చాయి. అయితే గిటార్ల విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను.