విదేశంలో మోటార్‌హోమ్ ట్రిప్: గ్రూపుతో వెళ్లాలా, సొంతంగా వెళ్లాలా?

చక్రాలఇల్లు:
సెప్టెంబర్‌లో మూడు వారాల సెలవు దొరికింది. మ్యూనిక్‌లో మోటార్‌హోమ్ (లోపలే పడకలు, టాయ్‌లెట్ ఉండే బండి) అద్దెకు తీసుకుని ఆస్ట్రియా, స్లొవేనియా మీదుగా క్రొయేషియా తీరం వెంబడే డుబ్రోవ్నిక్ దాకా వెళ్లి, మళ్లీ మ్యూనిక్ వచ్చేయాలని ప్లాన్. మేమిద్దరం, అమ్మానాన్న, మొత్తం నలుగురం. కారైతే ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాను, ఏడు మీటర్ల బండి మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. మా ఆవిడేమో గైడ్ ఉండే గ్రూపులో చేరదాం, ముందు ఒక లీడర్, వెనక ఒక మెకానిక్ ఉంటారు, టెన్షన్ ఉండదు అంటోంది. ఇంత ఖర్చు పెట్టుకుని ఇంకొకళ్లు చెప్పిన టైముకి బయల్దేరడమేంటని నా బాధ. రెండు రకాలుగానూ వెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

రోడ్డుపురుగు:
నేను రెండూ చేశాను. మొరాకోకి గ్రూపుతో, మీరు చెప్పిన రూటులో ఒంటరిగా. ముందు ఒక అపోహ తీసేస్తాను. గ్రూపంటే బళ్లన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వెళ్తాయనుకుంటారు. మా గ్రూపులో అలా లేదు. పొద్దున్నే రూట్ షీట్ చేతికిస్తారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లి సాయంత్రానికి క్యాంప్‌సైట్‌లో కలుస్తారు. చెట్ల మధ్య ఇరుకు చోటులోకి బండి రివర్స్ చేయాల్సింది అప్పుడూ మీరే, లీడర్ మహా అయితే వెనక నిలబడి చెయ్యి ఊపుతాడు. మొరాకోలో గ్రూపుకి కట్టిన డబ్బు ఎక్కడ పనికొచ్చిందంటే, ఫెర్రీ దిగాక బండికి తాత్కాలిక దిగుమతి కాగితం చేయించుకునే దగ్గర. లీడర్ లేకపోతే సగం రోజు అక్కడే పోయేది.

మీ రూటులో ఆ తలనొప్పి లేదు కదా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లోకి (మామూలుగా బోర్డర్ తనిఖీలు లేని యూరప్ దేశాల గుంపు) వచ్చింది, అదే రోజు యూరోకి మారింది. ఒకప్పుడు డుబ్రోవ్నిక్‌కి రోడ్డు మీద వెళ్లాలంటే మధ్యలో బోస్నియాలోని నెయుమ్ దాటాలి, అంటే రెండు బోర్డర్లు, పైగా అద్దె బండిని బోస్నియాలోకి తీసుకెళ్లొచ్చో లేదో కంపెనీని అడగాలి. 2022 జూలైలో నెయుమ్‌ని తప్పించే పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ గొడవే లేదు. తనిఖీలు అప్పుడప్పుడు ఉంటాయి, పాస్‌పోర్టులు చేతికి అందేలా పెట్టుకోండి, అంతే. ఇక ఆ లీడర్‌కి మీరు డబ్బులిచ్చి చేయించుకునే పనేముంది?

తూకంరాయి:
పై ఆయన చెప్పింది కరెక్టే కానీ నలుగురు పెద్దవాళ్లు అన్నారు కాబట్టి నా గోల నేను చెప్తాను. మామూలు కారు లైసెన్స్‌తో అద్దెకిచ్చే బళ్లు సాధారణంగా 3,500 కిలోల లోపువే, ఆ లెక్క ఖాళీ బండిది కాదు, మనుషులూ సామానూ ఎక్కాక ఉండే మొత్తం బరువుది. ట్యాంకులో వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, సైకిళ్లు, కుర్చీలు, నాలుగు సూట్‌కేసులు, ఇవన్నీ కలిపితే లిమిట్ ఎప్పుడు దాటిందో కూడా తెలీదు. తూకంలో దొరికితే ఫైన్ మీకే. నీళ్లు సగమే నింపి, క్యాంప్‌సైట్‌కి చేరాక మిగతాది పట్టుకోండి. ఎలాగోలా పెద్ద బండి దొరికి 3.5 టన్నులు దాటితే ఆస్ట్రియాలో విన్యెట్ (కార్లు హైవే మీద వెళ్లడానికి కొనే టోల్ పాస్) చెల్లదు, టోల్ లెక్కించే గో-బాక్స్ అనే పరికరం బండిలో పెట్టించుకోవాలి.

ఇంకోటి, ఎత్తు. మూడు మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, కారు అలవాటున్న మనిషి బుర్రకి అది ఎక్కదు. నేను రెండో రోజే ఒక ఊళ్లో ఇంటి చూరుకి పై మూల గీసేశాను. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటే, పైకప్పు దెబ్బలు అందులో రావని చిన్న అక్షరాల్లో రాసుందట, డిపాజిట్‌లో చాలా భాగం పోయింది. పైకప్పు, టైర్లు, అడుగు భాగం కవర్ అవుతాయా అని సంతకం పెట్టకముందే అడగండి. బండి ఎత్తు కాగితం మీద పెద్దగా రాసి స్టీరింగ్ ముందు అంటించుకోండి. నవ్వుతారు, నవ్వనీండి.

స్లొవేనియాలో వర్షిచ్ కనుమ మీదుగా వెళ్లాలని ఫోన్ మ్యాప్ చెప్తే వినకండి, యాభై హెయిర్‌పిన్ మలుపులు, ఏడు మీటర్ల బండితో మొదటిసారే అవసరమా?

సముద్రపుగాలి:
మీ ఆవిడ మాట అంత తేలిగ్గా కొట్టేయకండి. మేం గ్రూపుతో వెళ్లింది దారి తెలీక కాదు, సాయంత్రాలు మాట్లాడుకోవడానికి మనుషులు ఉంటారని. మా అత్తయ్యగారికి ఆ ట్రిప్‌లో నచ్చింది కొండలూ కాదు, సముద్రమూ కాదు, పక్క బండిలో పరిచయమైన ఆవిడ! అమ్మానాన్నలు ఇరవై రోజులు మీ ఇద్దరి మొహాలే చూస్తూ కూర్చోగలరా అన్నది ఆలోచించుకోండి.

మంచాల సంగతి కూడా. నలుగురికి పడక అని రాసుంటుంది, వాటిలో ఒకటి డ్రైవర్ నెత్తి మీద ఉంటుంది, నిచ్చెనెక్కాలి. అది మీకు, వెనక మంచం పెద్దవాళ్లకి. సీటు బెల్టులు నాలుగున్నాయో లేదో విడిగా చూసుకోండి, పడకలు ఎన్నో బెల్టులూ అన్ని ఉంటాయని గ్యారంటీ లేదు. టాయ్‌లెట్ క్యాసెట్ (కింద మురికి చేరే డబ్బా) ఎవరు ఖాళీ చేయాలో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి, మా ఇంట్లో ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు :)

క్రొయేషియాలో రోడ్డు పక్కన ఆపి పడుకోవడం కుదరదు, ఫైన్ వేస్తారు, రోజూ క్యాంప్‌సైట్‌కే వెళ్లాలి. వెలెబిట్ కొండల మీంచి బూరా అనే గాలి దిగుతుంది, చలికాలంలో ఎక్కువే గానీ వేరే నెలల్లోనూ వస్తుంది. అది గట్టిగా వీచినప్పుడు ఆ వైపు రోడ్ల మీద మోటార్‌హోమ్‌లని ఆపేస్తారు. అందుకే తిరుగు ప్రయాణంలో ఒకట్రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి, బండి అప్పజెప్పే రోజుకి సరిగ్గా లెక్క కట్టకండి.

చక్రాలఇల్లు:
అందరికీ థాంక్స్. ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. సొంతంగా వెళ్లడానికి ఒప్పుకుంది, కానీ రెండు షరతులు: మొదటి రెండు రాత్రులు మ్యూనిక్ దగ్గరే ఏదో క్యాంప్‌సైట్‌లో ఉండి బండి రివర్స్ నేర్చుకోవాలట, క్యాసెట్ మాత్రం నేనే చూసుకోవాలట. @తూకంరాయి, నలుగురికి సామాను మొత్తం ఎన్ని కిలోల్లో సర్దారు మీరు?