గుమ్మం మీద "టి.బి." అని ఉన్న పాత బడి, దీని చరిత్ర ఎలా తెలుసుకోవాలి?

కాలవగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర చిన్న ఊరు. మా బడి ఆవరణలో పెంకుటి గది ఒకటే మిగిలింది, మొన్న సున్నం గీకుతుంటే గుమ్మం పైన రాయి మీద "టి.బి. ఎలిమెంటరీ స్కూల్" అని బయటపడింది. కింద సంవత్సరం ఉండాల్సిన చోట ఎవరో మేకు కొట్టడంతో పెచ్చు లేచిపోయింది. మా తాతయ్య, ఆయన చెల్లెలు అక్కడే చదువుకున్నారు. ఊళ్లో అడిగితే ఒకరు క్షయ ఆస్పత్రి అంటారు, ఒకరు దొరలు కట్టించారంటారు. వచ్చే నెల ఆ గది పడగొడతారట, ఈలోపే రాసి పెట్టుకోవాలని తాపత్రయం. టి.బి. అంటే ఏంటండీ? ఎప్పటిది అయ్యుంటుంది?

పాతదస్త్రం:
తాలూకా బోర్డు అండి, ఆస్పత్రి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో జిల్లా బోర్డులు, వాటి కింద తాలూకా బోర్డులు వచ్చాయి. 1934లో తాలూకా బోర్డుల్ని రద్దు చేసేశారు. కాబట్టి ఆ రాయి 1934కి ముందుదని ధైర్యంగా రాసుకోండి. ఆ తర్వాత బడులు జిల్లా బోర్డు చేతికి వెళ్లాయి, 1959లో పంచాయతీ సమితులొచ్చాక సమితి స్కూళ్లయ్యాయి, 1980ల్లో మండలాలు పెట్టాక ఎంపీపీ స్కూళ్లయ్యాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం చివరిదాకా "బోర్డు స్కూలు" అనే అనేవారు.

ఒక్క జాగ్రత్త. రాయి వయసు గది వయసే, బడి వయసు కాకపోవచ్చు. ముందు ఏ ఇంటి అరుగు మీదో, గుడి మండపంలోనో నడిచిన బడికి తర్వాతెప్పుడో గది కట్టిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఇంకోటి, పాత కాగితాలు వెతికేటప్పుడు జిల్లా పేరు చూసుకోండి: నరసాపురం తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా, అక్కణ్ణుంచి 1925 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాతే పశ్చిమ గోదావరి. ఇది తెలియక నేను రెండు రోజులు వేరే జిల్లా కట్టలు తిరగేశాను.

రిటైర్డ్ మాస్టారు:
దొరలు కట్టించారన్న మాటలో సగమే నిజం ఉంది బాబూ. 1850ల్లో జి.ఎన్. టేలర్ అనే సబ్ కలెక్టర్ పూనుకుంటే నరసాపురంలో బడి, దానికి కొమ్మల్లాగా పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు వచ్చాయి. నరసాపురం టేలర్ హైస్కూలు పేరు ఆయనదే. కానీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో బడుల ఖర్చు ఎవరు పెట్టుకున్నారనుకున్నారు? రైతులే, శిస్తు మీద ఇంత అని అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవల్లో నీళ్లొచ్చి పంటలు నిలబడ్డ రోజులవి, అందుకే అంతమాత్రం ఇవ్వగలిగారు. ఆ వసూలుకు చట్టం అండ 1863లో గానీ రాలేదు, అంటే ముందు మనవాళ్లు ఇచ్చారు, తర్వాత చట్టం వచ్చింది. 1871లో లోకల్ ఫండ్ చట్టంతో భూమి మీద రూపాయికి అణా మించకుండా సెస్సు వేసి రోడ్లకీ ఆస్పత్రులకీ బడులకీ వాడారు. మీ పెంకుటి గదిలో కూడా మీ ఊరి రైతుల డబ్బు ఉండే ఉంటుంది, అది తప్పకుండా రాయండి.

పేటమ్మాయి:
మాస్టారు చెప్పింది బాగుంది, కానీ ఆ బడిలోకి ఎవరిని రానిచ్చారన్నది కూడా రాయాలి. శిస్తు కట్టే పొలాల్లో కూలి చేసింది మా వాళ్లే, మా నాయనమ్మ మాత్రం బోర్డు బడి గుమ్మం తొక్కలేదు. పేటలో మిషన్ వాళ్ల బడిలో అక్షరాలు దిద్దింది, ఇసుకలో వేలితో, పలక తర్వాతెప్పుడో వచ్చిందట. 1920ల నుంచి లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు అణగారిన కులాల పిల్లలకి విడిగా బడులు పెట్టారు, వాటికి ఇలా గుమ్మం మీద రాళ్లు మిగిలినవి నేనైతే చూడలేదు. అన్నా, మీ ఊరి పేటకి కూడా వెళ్లి ముసలివాళ్లని అడగండి. బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటే ప్రతి పేజీ ఫోటో తీయండి, కులం, తండ్రి వృత్తి, బడి మానేసిన కారణం అన్నీ అందులోనే ఉంటాయి.

కాలవగట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి. హెడ్‌మాస్టారిని బతిమాలితే బీరువా అడుగు నుంచి చెదలు తిన్న రిజిస్టర్ ఒకటి తీశారు. మాస్టారూ, తండ్రి వృత్తి గడిలో వరసగా "వ్యవసాయం" అనే ఉంది. తాతయ్య పేరు దొరికింది. ఆయన చెల్లెలి పేరు కూడా ఉంది, మూడో తరగతి, మానేసిన కారణం గడిలో నల్లసిరాతో "పెండ్లి" అని ఒక్క మాట. పేట పిల్లలు ఒక్కరైనా ఉన్నారా అని పేజీ పేజీ చూశాను చెల్లీ, లేరు. ఆదివారం పేటకి వెళ్తున్నాను. రాయి పగలకుండా తీసి ఇస్తానని మేస్త్రీ ఒప్పుకున్నాడు.