'మెమరీస్ ఆఫ్ మర్డర్' పోలీసుల మీద మరీ జాలి చూపించిందా?

కృష్ణాతీరం:
సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నాను.

బాంగ్ జూన్-హో 2003లో తీసిన ఈ సినిమాకి ఆధారం దక్షిణ కొరియాలోని హ్వాసంగ్ హత్యలు. 1986 నుంచి 1991 దాకా అక్కడ పదిమంది స్త్రీలు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. సినిమా వచ్చేనాటికి హంతకుడెవరో తెలియదు. 2019లో డీఎన్‌ఏ పరీక్షలో లీ చున్-జే అని తేలింది. అప్పటికే వాడు 1994లో మరదల్ని చంపిన కేసులో యావజ్జీవం అనుభవిస్తున్నాడు. మొత్తం 14 హత్యలు చేశానని ఒప్పుకున్నాడు.

నేను అడగాలనుకున్నది వాడి గురించి కాదు. 1988లో ఒక పదమూడేళ్ళ పిల్ల తన ఇంట్లోనే హత్యకు గురైంది. ఇది ఎనిమిదో కేసు. దానికి పోలీసులు 1989లో యూన్ సంగ్-యో అనే 22 ఏళ్ళ కుర్రాణ్ణి పట్టుకెళ్ళారు. చిన్నప్పటి పోలియో వల్ల అతను కుంటుతూ నడుస్తాడు. నిద్రపోనివ్వకుండా, హింసించి నేరం ఒప్పించారు. ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి 2009లో బయటికొచ్చాడు. 2020 డిసెంబర్‌లో గానీ సువాన్ కోర్టు నిర్దోషి అని తీర్పు ఇవ్వలేదు. అంటే కొరియా జనం థియేటర్లో ఈ సినిమా చూస్తున్న రోజుల్లో ఆ మనిషి జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ స్టేషన్ సీన్లు మళ్ళీ చూడండి. ఎగిరి తన్నడం, దెబ్బ కనబడకుండా బూటుకి గుడ్డ తొడగడం, కాసేపటికి కొట్టినవాళ్ళూ తిన్నవాడూ కలిసి నూడుల్స్ తింటూ టీవీలో పోలీస్ సీరియల్ చూడటం. జనం నవ్వేలా తీశారు. చివరికొచ్చేసరికి అదే పోలీసుల ఓటమికి మన గుండె బరువెక్కుతుంది. దెబ్బలు తిన్నవాడి బాధకన్నా కొట్టినవాడి బాధకే ఎక్కువ చోటిచ్చారు. నాకిది తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

రీల్_రాజు:
అన్నా, 2003 సినిమాని 2020 తీర్పు పెట్టి కొలిస్తే ఎలా? అప్పటికి ఎనిమిదో కేసు ముగిసిపోయింది. అసలు హంతకుణ్ణి అనుకరించి ఇంకెవరో చేశారనే అందరూ నమ్మారు. డైరెక్టర్‌కి తెలిసే దారేది?

కృష్ణాతీరం:
ఆ కేసు తెలియకపోవచ్చు రాజూ, పోలీసుల పద్ధతి తెలుసు కదా. 1987 జనవరిలో సియోల్‌లో పార్క్ జోంగ్-చోల్ అనే విద్యార్థి పోలీసు కస్టడీలో చిత్రహింసలకి చనిపోయాడు. బల్ల మీద గట్టిగా చరిస్తే కుప్పకూలాడని పోలీసులు చెప్పారు. ఆ అబద్ధం మీదే దేశం భగ్గుమంది, ఆ జూన్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. కథ నడిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

శ్యామల_వరంగల్:
కృష్ణాతీరం గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ ఈ సినిమా మీద చూపించడం న్యాయం కాదు.

మొదటి అనుమానితుడు బేక్ క్వాంగ్-హోని గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో డిటెక్టివ్ పార్క్ అతని బూటుతో తనే పొలంలో అచ్చు వేసి సాక్ష్యం తయారుచేస్తాడు. ఆ కుర్రాడి చేతివేళ్ళు కాలి అతుక్కుపోయి ఉంటాయి, వాటితో అంత పకడ్బందీగా ముడులు వేయడం కుదరదని సియోల్ నుంచి వచ్చిన సియో గుర్తిస్తాడు. నిజంలో జరిగింది చూడండి. కాలు సరిగా లేని యూన్ గోడ దూకి ఇంట్లోకి వెళ్ళాడని కేసు రాశారు. కోర్టులు కూడా నమ్మాయి. సినిమాలో ఆ చేతుల్ని చూసిన కన్ను ఒకటైనా ఉంది, నిజంలో ఆ కాలిని చూసినవాళ్ళే లేరు. ఎనిమిదో కేసు ఎలా తప్పుదారి పట్టిందో బాంగ్ తెలియకుండానే పదిహేడేళ్ళ ముందు చెప్పేశాడనిపిస్తుంది నాకు.

పైగా బేక్ నేరస్తుడు కాదు, సాక్షి. హత్యని కళ్ళారా చూశాడు. అతను చెప్పేది సాక్ష్యమని వీళ్ళకి అర్థమయ్యేసరికి పోలీసంటేనే భయపడిపోయి, పారిపోతూ రైలు కింద పడతాడు. హంతకుణ్ణి చూసిన ఒక్క మనిషినీ పోలీసు దెబ్బలే పోగొట్టాయి. జాలి చూపించే సినిమా ఇంత ఘోరమైన నింద వేస్తుందా?

ఇక సొరంగం సీన్. స్కూలు పిల్ల చనిపోయాక సియో చివరి అనుమానితుడు పార్క్ హ్యొన్-గ్యుని చావబాది తుపాకీ ఎక్కుపెడతాడు. 'కాగితాలు అబద్ధం చెప్పవు' అని నమ్మిన మనిషి, అమెరికా నుంచి డీఎన్‌ఏ సరిపోలలేదని కాగితం వస్తే దాన్నే ఒప్పుకోడు. చూస్తున్న మనం కూడా కాల్చెయ్యమనే కోరుకుంటాం. నేను కోరుకున్నాను. కాల్చి ఉంటే ఏ రుజువూ లేకుండా ఒక మనిషి చచ్చేవాడు. యూన్‌ని లోపలేసిన ఊరూ, కోర్టూ ఇదే ఆవేశంలో ఉన్నాయి.

నల్లమల:
ఇది చదువుతుంటే ఇబ్రహీంపట్నం కేసు గుర్తొచ్చింది. 2007లో హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపారు. పోలీసులు పట్టుకున్న పేద కుర్రాడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. చనిపోయిన అమ్మాయి తల్లే అతను కాదని మొదటినుంచీ చెప్పింది. మన దగ్గర కూడా పైనుంచి ఒత్తిడి వస్తే ఎవరో ఒకరు దొరకాల్సిందే.

వాన_కోయిల:
పోలీసా, అనుమానితుడా అని మీరంతా వాదించుకుంటున్నారు. మరి చనిపోయిన ఆడవాళ్ళ సంగతి? ఆ స్కూలు పిల్ల తప్ప మిగతావాళ్ళు చాలావరకు శవాలుగానే కనిపిస్తారు. వానలో రేడియోలో వచ్చే పాటకీ హత్యలకీ లింకు పట్టింది మహిళా పోలీసు క్వాన్. ఆమె పేరు ఈ చర్చలో ఒక్కరూ ఎత్తలేదు, సినిమాలో మగ పోలీసులు కూడా ఆమెని పెద్దగా లెక్కచేయరు. దాడి తప్పించుకుని బతికిన ఒకావిడ హంతకుడి గురించి 'చేతులు మెత్తగా ఉన్నాయి' అని చెప్పగలిగింది కూడా క్వాన్ పక్కన ఉండబట్టే. నా ఫిర్యాదు ఇక్కడ. ఆ ఇద్దరి కథ ఇంకొంచెం నడిచి ఉండాల్సింది.

రీల్_రాజు:
ఇది ఒప్పుకోవాల్సిందే అక్కా.
అన్నట్టు నిజం కేసులో లీ చున్-జేని అప్పట్లోనే ప్రశ్నించి వదిలేశారు. హంతకుడి బ్లడ్ గ్రూప్ 'బి' అని పోలీసులు ఫిక్సయ్యారు, వాడిది 'ఓ'. అంతమందిని కొట్టిన పోలీసులు అసలువాణ్ణి బ్లడ్ గ్రూప్ చూసి ఇంటికి పంపేశారు.

కృష్ణాతీరం:
శ్యామల గారూ, బేక్ చేతుల గురించి మీరన్నది బలమైన మాట. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది, కారణం చివరి సీన్.

2003లో పార్క్ పోలీసు ఉద్యోగం వదిలేసి జ్యూసర్లు అమ్ముకుంటూ, భార్యాపిల్లలతో కుదురుగా ఉంటాడు. మొదటి శవం దొరికిన పొలం కాలువ దగ్గర ఆగి లోపలికి తొంగి చూస్తాడు. హంతకుడు కూడా అక్కడికి వచ్చి వెళ్ళాడని ఒక చిన్న పిల్ల చెబితే మొహం మారిపోతుంది. దొరకనివాడు ఇంకా అతన్ని వెంటాడుతున్నాడు. మరి తను తన్నిన బేక్? రైలు కింద పడ్డ ఆ కుర్రాడి గురించి ఒక్క ఆలోచన కూడా ఆ మొహంలో నాకు కనబడలేదు. యూన్‌ని హింసించిన పోలీసుల విషయంలోనూ అంతే. నిజం తేలేసరికి కాలపరిమితి దాటిపోయి వాళ్ళ మీద కేసు నడవలేదు. పార్క్ ఆ రోజు కారు ఆపాల్సిన చోటు ఇంకొకటి ఉంది, బేక్ తండ్రి హోటల్. అక్కడ ఒక్క నిమిషం ఆగి ఉంటే నాకు ఈ సినిమా మీద పేచీ ఉండేది కాదు.