రియోలో నాలుగు పెద్ద క్లబ్బులు, మళ్లీ వాళ్లకే వేరే కప్పు: ఎందుకలా?

గంటస్తంభం (విజయనగరం):
అన్నలూ, ఒక డౌటు. మా రూమ్మేటు బ్రెజిల్‌లోని రియో ఫుట్‌బాల్ క్లబ్బు ఫ్లమెంగోకి ఫ్యాను. రియోలో రాత్రి తొమ్మిదిన్నర మ్యాచంటే మనకి పొద్దున్న ఆరు, టీ పెట్టుకుని ఇద్దరం చూస్తున్నాం. బ్రెజిల్ మొత్తానికి ఒక లీగ్ ఉంది కదా, మళ్లీ జనవరిలో రియో వాళ్లకి ఈ టోర్నీ ఏటి? ఫ్లమెంగో, ఫ్లూమినెన్స్, వాస్కో, బొటాఫోగో, నాలుగూ ఒక్క ఊళ్లోనే ఎలా పుట్టాయి? నేను ఎవర్ని పట్టుకోవాలి?

మిల్లు క్వార్టర్స్ (నెల్లిమర్ల):
తమ్ముడూ, ఊరి టోర్నీయే ముందు పుట్టింది. దాన్ని కరియోకా అంటారు, 1906లో మొదలైంది. దేశమంతా కలిసి ఆడే లీగ్ వచ్చింది 1971లో. అంతకుముందు 1959లో దేశం మొత్తానికి ఒక నాకౌట్ కప్పు మొదలైంది. అంత పెద్ద దేశంలో ఆ రోజుల్లో జట్టుని ఊరూరా తిప్పడం అయ్యే పని కాదు. ఎవడు గొప్పో ఊళ్లోనే తేల్చుకున్నారు, పంతాలూ అక్కడే ముదిరాయి.

ఫ్లూమినెన్స్ 1902లో డబ్బున్నోళ్లు పెట్టుకున్నది. ఫ్లమెంగో 1895 నాటి పడవ పందేల క్లబ్బు. 1911లో ఫ్లూమినెన్స్‌తో పడక బయటికొచ్చేసిన ఆటగాళ్లు అక్కడ ఫుట్‌బాల్ పెట్టించారు. అన్నదమ్ములు వేరుపడ్డట్టే. మరుసటేడు ఇద్దరూ తలపడితే ఫ్లూమినెన్సే 3-2తో నెగ్గింది. 1963లో ఇదే పోరుకి రియోలోని మరకానా స్టేడియంలో 1,94,603 మంది కూర్చున్నారు. గోల్ పడలేదు, డ్రా చాలు కాబట్టి కప్పు ఫ్లమెంగోది.

నన్నడిగితే వాస్కోని పట్టుకో. 1923లో పైడివిజన్‌లోకి వచ్చిన ఏడే కప్పు కొట్టేశారు. జట్టులో ఎవరనుకున్నావు? టాక్సీ తోలేవాడు, గోడలకి రంగులేసేవాడు, నల్లజాతి కుర్రాళ్లు, చదువు లేనివాళ్లు. పెద్ద క్లబ్బులకి మింగుడు పడలేదు. 1924లో విడిపోయి కొత్త లీగ్ పెట్టుకుని, మీ 12 మంది ఆటగాళ్లని తీసేస్తేనే రానిస్తాం అన్నారు. వాస్కో అధ్యక్షుడు జోసె అగుస్తో ప్రెస్తెస్ ఉత్తరం రాశాడు: వాళ్లని వదులుకోం, మీ లీగే మాకొద్దు అని. ఇప్పటికీ ఆ ఉత్తరాన్ని ఆ క్లబ్బువాళ్లు గుండెల్లో పెట్టుకుంటారు. ఆనక అభిమానులే తలా కొంత చందా వేసి సావ్ జనువారియో స్టేడియం కట్టించారు. 1927లో తెరిచేటప్పటికి దక్షిణ అమెరికాలో అంత పెద్దది ఇంకోటి లేదు.

నాకు ఇంకా దగ్గరైనది బాంగు క్లబ్బు. రియో ఊరి చివర బట్టల మిల్లు, అందులో ఇంగ్లీషోళ్లు 1904లో పెట్టిన జట్టు. మిల్లులో నేత పనిచేసే ఫ్రాన్సిస్కో కరెగల్ అనే నల్లజాతి ఆటగాడు 1905లోనే ఆ జట్టుకి ఆడాడు. జూట్ మిల్లు సైరన్ వింటూ పెరిగినోణ్ని కదా, షిఫ్టు దిగి బూట్లు కట్టుకుని గ్రౌండుకెళ్లే మనిషి నాకు కళ్లకి కట్టినట్టు ఉంటాడు. 1933లో, 1966లో ఆ మిల్లు జట్టు పెద్దోళ్లందర్నీ దాటి కప్పు కొట్టింది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
చరిత్ర బాగుంది బాబూ, ఇప్పటి సంగతి చూడండి. పెద్ద క్లబ్బులు ఈ టోర్నీ మొదట్లో కుర్రాళ్ల జట్టుని దించేస్తున్నాయి. ఏడాది పొడుగునా మ్యాచులే, ఆటగాళ్ల మోకాళ్లు ఏమైపోవాలి? అందుకే 2026 నుంచి కరియోకా లాంటి రాష్ట్ర టోర్నీలకి మ్యాచ్ తేదీలు 16 నుంచి 11కి కుదించారు. మంచి పని.

మిల్లు క్వార్టర్స్ (నెల్లిమర్ల):
తేదీలు తగ్గించడం సరే అన్నా, ఎత్తేయమంటే మాత్రం నేనొప్పుకోను. మదురేరా లాంటి చిన్న క్లబ్బుకి ఏడాదిలో ఫ్లమెంగో ఎదురుపడేది ఈ టోర్నీలోనే. టీవీలో కనబడేదీ, నాలుగు టికెట్లు అమ్ముడయ్యేదీ, పెద్ద క్లబ్బు కళ్లలో తమ కుర్రాడు పడేదీ అప్పుడే. కుర్రాళ్ల జట్టుని పంపినా పర్లేదు, ఆ ఒక్క మ్యాచ్ ఉండాలి.

గంటస్తంభం:
అన్నా, వాస్కోకే ఫిక్స్. రూమ్మేటుతో ఇక యుద్ధమే. బాంగు మ్యాచులు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే అదీ పెట్టండి.