చలిలో సైకిల్ తొక్కడానికి ఎలాంటి బట్టలు వేసుకుంటున్నారు?

రోజూ పొద్దున్నే ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను, ముప్పావు గంట పడుతుంది. బయల్దేరేటప్పటికి 5 డిగ్రీలు ఉంటోంది. మందపాటి జాకెట్ వేసుకుంటే కాసేపటికే లోపల చెమట. ఆ తడి మీద, పల్లంలో దిగేటప్పుడు గాలి తగిలితే ఒకటే వణుకు. పల్చటిది వేసుకుంటే మొదటి పది నిమిషాలు నరకం.

లోపల కాటన్ టీషర్ట్ వేసుకోవడమే నా తప్పని ఈమధ్యే అర్థమైంది, చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. దాని బదులు మెరినో ఉన్ని కొనాలా, పాలిస్టర్ సరిపోతుందా? వాసన సంగతి కూడా చెప్పండి, ఆఫీసులో పక్కన కూర్చునేవాళ్ళూ మనుషులే కదా! పైన గాలిని ఆపే పల్చటి జాకెట్ ఒక్కటి చాలా, మధ్యలో ఇంకో పొర కావాలా?

అసలు బాధ వేళ్ళది. గ్లౌజులు మందంగా ఉంటే బ్రేకు, గేరు సరిగ్గా పట్టు దొరకవు. పల్చగా ఉంటే వేళ్ళు మొద్దుబారిపోతాయి. చెవులు మూసేలా హెల్మెట్ కింద పట్టే టోపీ ఎవరైనా వాడుతున్నారా? కాళ్ళకి మామూలు ప్యాంటే, మోకాళ్ళ దగ్గర చలి తప్ప పెద్ద ఇబ్బంది లేదు.

ఇన్నిటికీ సైకిల్ బట్టలే కొనాలా, పరుగుకి వాడేవి పనికొస్తాయా? చలిలో రోజూ తొక్కేవాళ్ళు కాస్త చెప్పండి.