2017 ఆక్టేవియా వీఆర్ఎస్: నీళ్లలో మునిగిన బండేనా?

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం. పాలకొల్లులో ఒక 2017 స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ (ఆక్టేవియా కారులో స్పోర్ట్స్ మోడల్) అమ్మకానికి ఉంది. హైదరాబాద్ రిజిస్ట్రేషన్, మీటర్‌లో 42,000 కిలోమీటర్లు. రేటు బయటికంటే బాగా తక్కువ, నా అనుమానమంతా అక్కడే.

డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే కింద జానెడు మేర గోధుమరంగు చార కట్టి ఉంది. సీటు కింద పట్టాలకి తుప్పు. 42,000కే బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయింది. అడిగితే బ్రోకర్, "రొయ్యల చెరువుల మీద తిరిగిన బండండి, ఆ మాత్రం బురద ఉండదా?" అన్నాడు. ఇంత కిందకుండే కారుని చెరువుగట్టు ఎవరెక్కిస్తారండీ! సర్వీస్ బుక్ పోయిందట. అడ్వాన్స్ మాత్రం 50,000 వెంటనే కావాలట.

ఓనర్ సంతకం లేకుండా ఛాసిస్ నంబర్‌తో షోరూమ్‌వాళ్లు సర్వీస్ హిస్టరీ చెప్తారా? మీటర్ తిప్పి ఉంటే స్కానర్ పెడితే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో అసలు లెక్క దొరుకుతుందా? విజయవాడలోగానీ రాజమండ్రిలోగానీ డీఎస్‌జీ (ఈ కారుకుండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) తెలిసిన మెకానిక్ ఉంటే చెప్పండి, ఖర్చిచ్చి తీసుకొస్తాను. తెలంగాణ నుంచి ఎన్ఓసీ తెచ్చాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడిందో ఈమధ్య కట్టినవాళ్లు కాస్త చెప్పగలరు.