చొక్కాలు పంచేశాను, తర్వాత?
బైబిల్లో లూకా 3:11 చదివి బీరువా తెరిచాను. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఇవ్వాలన్నాడు బాప్తిస్మమిచ్చే యోహాను. నావి ఇరవై మూడు చొక్కాలు, రెండింటికి ధర చీటీ కూడా ఊడలేదు. పదిహేను ఇచ్చేశాను. మనసు తేలికపడింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వమూ వచ్చింది.

అసలు చిక్కు వేరు. అవి అంత చవకగా దొరికాయంటే, కుట్టినవారికి సరైన కూలి దక్కిందా? అదే లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని కూడా అన్నాడు. మొదటిది దానం, రెండోది న్యాయం. నాకు మొదటిదే చేతనవుతోంది.

పైగా పిల్లలు ఈ పొదుపును శిక్షలా చూస్తున్నారు. ఇంట్లోవారి మీద రుద్దకుండా నిరాడంబరంగా బతుకుతున్నవారు ఉంటే చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టారు? వస్తువు కొనేముందు కార్మికుల సంగతి ఎలా తెలుసుకుంటారు?